అరువు పేర్ల సారు

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. మా కాంప్లెక్సు మెట్ల దగ్గర కట్టిన ఫ్లెక్సీలో సారు కళ్ళు నిజంగానే చారెడున్నాయి. బతికుండగా అవి ఎప్పుడూ సగం మూసుకునే ఉండేవి. బొమ్మ కింద 'చిరు వ్యాపారుల పెన్నిధి, పేదల పాలిటి దేవుడు' అని రాయించారు. ఫ్లెక్సీ తాడు ఒక కొసను నన్ను అడక్కుండానే నా ఆఫీసు షట్టరుకు కట్టారు. పొద్దున షట్టరు ఎత్తాలంటే ఆ దేవుడి తాడు విప్పాలి. నేను విప్పలేదు. కత్తెర తెచ్చి కోసేశాను.

పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. తగ్గుతుందేమో అని పదో రోజు దాకా చూశాను, ఆ తర్వాత నెలలూ చూశాను, తగ్గలేదు. ఊరంతా ఆయన మంచితనం చెప్పుకుంటుంటే ఇంకా పెరిగింది. అందుకే రాస్తున్నాను.

గద్వాలలో నాదొక చిన్న ఆఫీసు. పన్ను రిటర్నులు, జీఎస్టీ, పింఛన్ల దరఖాస్తులు, వచ్చిన పనల్లా చేస్తాను. వ్యాపారుల పన్ను లెక్కలు చూసే సారు ఆఫీసు సరిగ్గా నా నెత్తి మీద, పై అంతస్తులో. ఆయన కుర్చీ జరిపితే నాకు కింద చప్పుడు వినబడేది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు వచ్చి అడిగి పోయేవాళ్ళు. ఆయన దగ్గరికి పోయేవాళ్ళు చెప్పులు మెట్ల కిందే విడిచి పోయేవాళ్ళు.

సారుకి వేయించిన పల్లీలు లేనిదే మాట వచ్చేది కాదు. గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపి, 'ఉఫ్' అని ఊదేవాడు. పల్లీల పొట్టు అంతా ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి మీద పడేది. ఎంత పెద్ద వ్యాపారైనా చొక్కా దులుపుకొని నవ్వేవాడే తప్ప పల్లెత్తు మాట అనేవాడు కాదు. తమ పన్ను కూడా ఈయన అలాగే ఊది పారేస్తాడని వాళ్ళకు ధీమా. ఆయన పన్నును పన్ను అని ఎప్పుడూ అనలేదు. 'దాని సంగతి నేను సూస్త, నువ్వు దుకాణం సూస్కో' అనేవాడు. చొక్కా జేబుకు మూడు పెన్నులు ఉండేవి. వాటితో రాయగా నేనెన్నడూ చూడలేదు. లెక్కలన్నీ ఆయన తలలోనే ఉండేవి.

సోమవారం వనపర్తి, గురువారం నాగర్‌కర్నూల్, మిగతా రోజులు గద్వాల. కారు కొనగలిగినా బస్సులోనే తిరిగేవాడు. ఎందుకంటే బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండదు. పక్కన ఎవరు కూర్చున్నా మొదట వయసు అడిగేవాడు, తర్వాత పని అడిగేవాడు. ఆపైన ఒకటే మాట.

"తర్వాత?"

"తర్వాతేముంది సారూ, కొడుకు సూసుకుంటడు."

"కొడుకుకు పెండ్లయితది, పిల్లలైతరు. తర్వాత?"

దిగే ఊరు వచ్చేలోగా ఆ మనిషికి ముచ్చెమటలు పట్టేవి. మరుసటి వారం మెట్ల కింద చెప్పులు విడిచే వాళ్ళలో ఆ మనిషీ ఉండేవాడు. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపే మనిషినొకర్ని సారు ఇలాగే పట్టుకున్నాడు. బూతులు తిట్టి, బతిమాలి, ఆ మనిషి చేత బీమా కట్టించాడు, పింఛను పథకంలో చేర్పించాడు. ఆ మనిషి అర్ధాంతరంగా పోయాడు. ఆయన భార్య ఇవాళ ఎవరి గడపా తొక్కకుండా ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. ఆమె నా ముందే సారును తలచుకుని ఏడ్చింది. ఇది అబద్ధమని నేననను.

నా కోపానికి కారణం కూడా అదే. ఏమీ తెలియని మనిషైతే పోనీలే అనుకునేదాన్ని. ముసలితనమంటే ఏమిటో, ఆ వయసులో మనిషికి ఏం కావాలో ఈ మూడు ఊళ్ళలో సారుకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆయన విద్య పేర్లలో ఉంది. ఒక వ్యాపారం ఒకరి పేరు మీదే ఉంటే పెద్దదిగా కనిపిస్తుంది, పన్ను కూడా పెద్దదే పడుతుంది. దాన్ని ముక్కలు చేసి ముగ్గురు నలుగురి పేర్ల మీద పెడితే ఏ ముక్కకు ఆ ముక్క చిన్నదే. భార్య పేరు, తమ్ముడి పేరు అయిపోయాక సారు బయటి పేర్లు వెతికేవాడు. లారీ మీద పనిచేసే క్లీనరు, పొలం కాపలావాడు, మగ్గం మీద కూర్చునే మనిషి. ఎవరైనా నసిగితే ఒకటే జవాబు: "పేరే గదా, అరిగిపోతదా?"

రాజోలి అనే నేతగాళ్ళ ఊరి నుంచి ఒక పెద్దమ్మ నా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు ఎండ మాడ్చేస్తోంది. బస్సు దిగి నడిచి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చుంది. ఆమె భర్త నేతపని చేసేవాడు. గద్వాల చీరకు ఒళ్ళు నూలుతో, అంచు పట్టుతో నేస్తారు. అంచు అతకడానికి మగ్గం మీద ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ ఇంకో మనిషి ఎప్పుడూ ఇంటి ఆడదే. పెద్దమ్మ పెళ్ళయిన నాటి నుంచి భర్త పక్కన కూర్చుని అంచు అందించింది. కూలీ మాత్రం మగ్గానికి ఒక్కటే, అది భర్త చేతికే వచ్చేది. అతను పోయాడు. ఆమె కళ్ళూ పోయినంత పనయింది. పింఛనుకు పెట్టుకుంటే రాదన్నారు.

"ఎందుకు రాదో నాకు సమజ్ అయితలేదు బిడ్డా. జర సూడు."

చూశాను. చూసి నేనే నమ్మలేకపోయాను.

"పెద్దమ్మా, నీకు గద్వాల్ల చీరల దుకాణమున్నదా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అడుగుతున్నానేమోనని.

"నాకా? నేను కట్టుకున్న చీర సుత గద్వాల చీర గాదు బిడ్డా."

ఆమె పేరు మీద దుకాణం ఉంది. జీఎస్టీ నంబరు ఉంది. ఏటేటా రిటర్నులు వేసి ఉన్నాయి. కంప్యూటరు లెక్కలో ఆమె వ్యాపారస్తురాలు. వ్యాపారస్తులకు పేదల పింఛను ఎవరిస్తారు? దుకాణం చిరునామా చూస్తే అది ఆమె కుటుంబానికి మగ్గం పని ఇచ్చే షావుకారిది. బజారులో ఆయన కొన్నేళ్ళ కింద తెరిచిన రెండో దుకాణం, ఇప్పటికీ 'కొత్త దుకాణం' అనే అంటారు.

"ఆధార్, పాన్ కార్డులు ఎవరికన్న ఇచ్చినవా?"

"మా ముసలాయన ఉన్నప్పటి ముచ్చట. దసరా నాడు షావుకారికి జమ్మి పెట్టి కాళ్ళు మొక్కినం. బట్టలు పెట్టిండు. కార్డులు తెచ్చియ్యండ్రి, పేరుకే అన్నడు. పండుగ పూట అడిగినంక లేదంటమా? ఏలుముద్ర గూడ ఏసినం."

చదువుకున్నవాళ్ళు దీన్ని అమాయకత్వం అంటారు. నాకలా అనబుద్ధి కాదు. నేత ఇళ్ళలో జమ్మి ఆకు పెట్టిన చేతితో 'ఎందుకు' అని అడగడం ఉండదు. నూలూ జరీ ఆ గడప నుంచే రావాలి, కూలీ ఆ గడప నుంచే రావాలి. షావుకారి లెక్కలు చూసే సారుకు ఈ మర్యాద బాగా తెలుసు. మామూలు రోజుల్లో అడిగితే ఇంటికి పోయి ఎవరినో కనుక్కుంటారు, దసరా నాడు అడుగు అని షావుకారికి చెప్పింది సారే. సారు తెలివికి గుర్తుగా షావుకారే ఆ సంగతి తర్వాత నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమెను వెంటబెట్టుకుని పైకి పోయాను. సారు నన్ను కూర్చోమన్నాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. నేను చెబుతున్నంత సేపూ పల్లీలు నలుపుతూ విన్నాడు. విని ఊదాడు.

"పేరే గదమ్మా, అరిగిపోతదా?"

"పేరు అరగలేదు సారూ, పింఛన్ పోయింది."

"మూసేస్త. జర టైం పడతది. ఆగమాగం చేసి మూస్తే పాత లెక్కలు తీస్తరు. నోటీసులు షావుకారికి రావు, గీ అవ్వకే వస్తయి. గంత పరేషాన్ ఎందుకు?"

నోటీసు అనే మాట వినగానే పెద్దమ్మ ముఖం పాలిపోయింది. దుకాణం రద్దుకు నేనే నా పద్ధతిలో దరఖాస్తు పెడతానన్నాను. మెట్ల మీద ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు బిడ్డా. నా కొడుకు గాయన మగ్గం మీదనే బతుకుతుండు." అంతటితో దరఖాస్తు మాట వదిలేశాను. అందరినీ 'తర్వాత?' అని చంపుకుతినే మనిషి, ఆ రోజు ఎదురుగా నిలబడ్డ ఆమెను ఆ మాట అడగలేదు.

మేమింకా మెట్లు దిగుతుండగానే సారు పైనుంచి పిలిచాడు. ఆయనకు జాలి కలిగిందట.

"అవ్వా, నీకు గావాల్సింది పింఛనే గదా? నేనిస్త. నెలనెల వచ్చి తీస్కపో."

ఇచ్చాడు. ఏ నెలా తప్పలేదు. కవరులో పెట్టి, మర్యాదగా రెండు చేతులతో ఇచ్చేవాడు. ఆ జాలి దొంగ జాలి కూడా కాదు. ఆ కవరుతో పీడ వదిలిందనే ఆయన మనసారా నమ్మాడు. దుకాణం మాత్రం ఆమె పేరు మీదే నడుస్తూ ఉంది.

ఆమె పొద్దున రాజోలిలో బస్సెక్కి వచ్చి, మొదట నా దగ్గర కూర్చుని మంచినీళ్ళు తాగి, మోకాళ్ళు తడుముకుంటూ పైకి పోయేది. ఒకసారి నేనూ ఏదో పని మీద పైనే ఉన్నాను. కవరు అందుకుని ఆమె అంది:

"సారూ, సర్కారు పింఛనైతే నా ఖాతల పడతది. నీ పింఛనైతే నీ మెట్లెక్కాలె."

ఇప్పటికైనా అర్థమవుతుందని ఆయన ముఖం కేసి చూశాను. సారు నవ్వాడు. "మంచిగ మాట్లాడుతవవ్వా" అని గుప్పెడు పల్లీలు ఆమె కొంగులో పోశాడు. మరుసటి నెల నుంచి కవరు కింద నా ఆఫీసుకే పంపడం మొదలుపెట్టాడు, ఆమె మెట్లెక్కే పని లేకుండా. ఆమె మాట ఆయనకు మోకాళ్ళ నొప్పిగా వినబడింది. ఆ కవరు నా టేబులు మీద పెట్టినప్పుడల్లా దాన్ని చింపి ఆయన ముఖాన కొట్టాలనిపించేది. కానీ ఆమె తిండి అందులో ఉంది.

వనపర్తిలో వర్తకుల మీటింగు జరిగింది. సారు ప్రసంగం ఉందని నాలాంటి చిన్న ఆఫీసుల వాళ్ళనూ పిలిచారు. మైకు ముందు ఆయన వేరే మనిషి. కళ్ళు కూడా పూర్తిగా తెరిచాడు.

"అరవై దాటినంక ఎవరి ముందట చెయ్యి చాపొద్దు. మీ పేరు మీద, మీ హక్కుగ నెలనెల పడేటట్టు ఇప్పుడే చేసుకోండ్రి. ఇంకొకరు దయతలిచి ఇస్తే దాన్ని పింఛన్ అనరు, భిక్షం అంటరు."

చప్పట్లు మోగిపోయాయి. నేను కొట్టలేదు. భోజనాల దగ్గర ఆయన విస్తరి పక్కకు పోయి అడిగాను.

"రాజోలి పెద్దమ్మకు మీరిచ్చేది ఏంది సారూ?"

పప్పు కలుపుతున్న చెయ్యి ఆగింది. కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"గది వేరే అమ్మా. గది నా మనసు."

మనసట! మనసున్న మారాజు ఆ దుకాణం ఆమె పేరు మీద నుంచి తీసేస్తే ఏం పోయేది? షావుకారి పన్ను నాలుగు రాళ్ళు పెరిగేది. షావుకారు అలిగి ఇంకో సారును వెతుక్కునేవాడు. సారుకు ఆ సంకటం కంటే నెలకొక కవరు తేలిక. ఇంతకు మించి ఇందులో లోతేమీ లేదు. ఆ మాటే ఆయన ముఖం మీద అన్నాను. "నీకు కోపం ఎక్కువమ్మా, బీపీ సూపించుకో" అని నాకు పెరుగు వడ్డించమని పక్కవాడికి చెప్పాడు.

ఒక ఉదయం సారు నిద్రలోనే పోయాడని తెలిసింది. బజారు మూశారు. ఫంక్షన్ హాలులో సంతాప సభ పెట్టారు. పెద్దమ్మ కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. షావుకారు మైకు పట్టుకుని, సారు ఎందరో బీద నేతగాళ్ళకు సొంత జేబులోంచి పింఛన్లిచ్చిన మహానుభావుడని చెప్పాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఇంకాసేపుంటే నా నోటి నుంచి ఏ మాట వచ్చేదో నాకే తెలియదు.

మరుసటి నెల కవరు రాలేదు. ఎలా వస్తుంది? సారు కొడుకు పై గది ఖాళీ చేసి తాళం ఇచ్చేశాడు. కవరు సంగతి అతనికి తెలియనే తెలియదు. పెద్దమ్మ నా దగ్గర కాసేపు కూర్చుని, నేనివ్వబోయింది వద్దని, షావుకారి దగ్గరికి పోయింది. ఆయన కాదనలేదు.

"సారు లేకపోతే ఏందవ్వా, నేను లేనా? కొత్త దుకాణంల పొద్దున ఊడ్వు. ఎంతో కొంత నేనిస్త."

ఆమె తిరిగి వచ్చి ఈ మాట నాకు చెప్పింది. కొత్త దుకాణమంటే ఏ దుకాణమని అడిగింది. నీ పేరు మీదున్న దుకాణమేనని చెప్పాను. ఆమె బస్సు వేళయిందని లేచి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ దుకాణంలో పనిచేసే అమ్మాయి నాకు ఫోను చేసింది. "అక్కా, అవ్వ వచ్చి గద్దె మీద కూసున్నది. దిగుమంటే దిగుతలేదు. మీ పేరు చెప్తుంది." చెప్పులేసుకుని పరుగెత్తాను.

తెల్లటి పరుపు మీద, గల్లాపెట్టె పక్కన, పాత చీర కొంగు నిండుగా కప్పుకుని కూర్చుని ఉంది. చీపురు గుమ్మం దగ్గరే నిలబెట్టి ఉంది. పెళ్ళి చీరలకని రాయచూరు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఎదురుగా కూర్చుని ఏం జరుగుతోందో తెలియక చూస్తున్నారు. షావుకారు అప్పుడే దిగాడు.

"ఏందవ్వా గిది? ఊడ్వమంటే గద్దెక్కినవు?"

"దుకాణం నాదంట గదా. దుకాణపామె కూసుంటది గని ఊడుస్తదా?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆమె గోడ వైపు చెయ్యి చూపింది. దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఆ పత్రాన్ని నలుగురికీ కనబడేలా పెట్టాలన్నది రూలు. సారు రూల్స్ తప్పే మనిషి కాదు. ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కనే పెట్టించాడు. రాయచూరు ఆవిడ తల ఎత్తి దాన్ని చూసి, షావుకారిని చూసి, "అంగడి యారదు?" అని కూతుర్ని అడిగింది. ఎవరి దుకాణమని. కూతురు పెద్దమ్మ వైపు చూసింది.

షావుకారు గొంతు తగ్గించాడు. "నీ కొడుకు మగ్గం సంగతి యాది మర్చినవా?"

"ఆపుకో. మగ్గం మీద కూసునేటోళ్ళు దొరక్క నువ్వే రాజోలిల ఇల్లిల్లు తిరుగుతున్నవు. మా పిల్లగాడు ఇంకో షావుకారి చీర నేస్తడు."

షావుకారు నా వైపు చూశాడు, ఏదైనా చెప్పి ఆమెను దింపమని. ఆ గల్లాలోంచి ఆమె ఇవాళ పైసలు తీసుకున్నా కాయితాల ప్రకారం మీరు అడ్డం చెప్పలేరు అని చెప్పాను. నా సంతోషం దాచుకోవాలని ప్రయత్నం కూడా చేయలేదు. ఆయన రాయచూరు వాళ్ళ వంక చూసి, చివరికి "సరే, మూసేద్దాం" అన్నాడు. పెద్దమ్మ అప్పుడు దిగింది. చీపురు అక్కడే వదిలేసి నా వెంట వచ్చింది.

జీఎస్టీ లెక్కలో ఆమె ఫోను అని సారు నంబరే రాసి ఉంది. దాని బదులు ఆమె కొడుకు నంబరు పెట్టించడానికి ఒక పూట ఆఫీసుకు పోయి వచ్చాం. మిగతాది నా టేబులు దగ్గరే. సారు భయపెట్టిన పాత లెక్కలన్నీ తిరగేశాను. అన్నీ ఎప్పటికప్పుడు శుభ్రంగా ఉన్నాయి. ఆమె పేరు మీద రావలసిన నోటీసు ఒక్కటీ లేదు, రావడానికి కారణం కూడా లేదు. దరఖాస్తు పంపి టీ చెప్పాను. కొన్నాళ్ళకు దుకాణం రద్దయినట్టు మెసేజి వచ్చింది. ఆ రోజు ఆమెను పిలిపించి, పింఛనుకు మళ్ళీ పెట్టాను.

ఆమె స్క్రీను వంక చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది పెద్దమ్మా. ఇగ నీ పేరు మీద దుకాణం లేదు."

"గింతే పనా?"

"గింతే."

సారు చేతి నుంచి అన్ని నెలలు అన్నం తిన్నది కదా, ఆయన మీదికి మాట పోనివ్వడం ఇష్టం లేనట్టుంది.

"పాపం, సారుకు గీ పని రాకుంటుండె గావచ్చు బిడ్డా."

ఔనని ఉంటే ఆమె మనసు నెమ్మదించేదే. ఆ అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"వచ్చు పెద్దమ్మా. మా అందరికన్న ఆయనకే బాగ వచ్చు."

"గట్లనా" అంది.